చెంప మీది డేలియా

నా చిన్నప్పుడు మదనపల్లెలో మా వీధివాళ్ళకు నన్ను తిట్టడం చాలా కష్టంగా ఉండేది. తప్పు చేసిన బిడ్డను ఎదురుగా నిలబెట్టి, కళ్ళు పెద్దవి చేసి, ఇప్పుడు చెప్పు అంటారు గదా. వాళ్ళు కళ్ళు పెద్దవి చేసే లోపలే నేను ఏదో ఒకటి అనేసేదాన్ని. వాళ్ళ పెదవి ఒక పక్కకు లాగేది. పెదవి లాగిందంటే ఇక తిట్లు రావు. కుండ పగలగొట్టినా, ఎవరి చింతచెట్టు దులిపినా, బడి ఎగ్గొట్టి సంత చూసి వచ్చినా ఇదే మందు. ఈ గుణం మా నాన్నది. ఆయన జట్కా తోలేవాడు. బండి ఎక్కినవాళ్ళను నవ్విస్తూ పోతే మా గుర్రం ఎంత నెమ్మదిగా నడుస్తున్నదో వాళ్ళకు తెలియదని ఆయన నమ్మకం. నాన్న నోరు నాకు వచ్చింది, చదువు మాత్రం ఎవరి దగ్గర నుంచీ రాలేదు. ఐదో తరగతితో బడి మానేశాను. బడి కూడా నా కోసం పెద్దగా ఏడ్చినట్టు గుర్తు లేదు.

అంత నోరున్న నేను ఒక పువ్వు ముందు ఓడిపోయిన సంగతి ఇది. మా పిల్లలకు తెలుసు, మనవళ్ళకు తెలుసు, అడిగితే మాకు పాలు పోసే ఆమెకు కూడా తెలుసు. ఇంతమందికి చెప్పాను గదా, సిగ్గు అరిగిపోయి ఉండాలి. అరగలేదు. చెప్పిన ప్రతిసారీ తల కిందికే పోతుంది.

మా ఇంటికీ పక్కింటికీ నడుమ మొలెత్తు గోడ. పక్కింటివాళ్ళు మిషన్‌వాళ్ళు, ఆదివారం చర్చికి పోయేవాళ్ళు. ఆ ఇంటి పెద్దాయన ఆస్పత్రిలో కాంపౌండరు. ఆయన కూతురిని నేను అక్కా అని పిలిచేదాన్ని. టీచరు ట్రైనింగు ముగించి, ఉద్యోగం కోసం చూస్తూ ఇంటిపట్టునే ఉండేది. అక్కవాళ్ళ అమ్మ నాకు పెద్దమ్మ. పెద్దమ్మకు క్షయ. ఊరవతల, కొండగాలి తగిలేచోట ఉన్న ఆస్పత్రిలో పెట్టారు. అప్పట్లో ఆ జబ్బుకు మందు తక్కువ, గాలి ఎక్కువ. పాలు, గుడ్లు, పడక, మంచి గాలి, అంతే వైద్యం. పొడుగాటి వరండాలో మంచాలు వేసి, చలికాలమైనా రోగులను అక్కడే పడుకోబెట్టేవాళ్ళు.

జబ్బు పడకముందు పెద్దమ్మ ఇంటి ముందర తోట వేసింది. తోట అంటే మరీ పెద్దదేమీ కాదు. గోడవారగా మెట్టతామరలు, వాటి ముందు జీనియాలు, బంతి, పగిలిన తొట్టిలో కనకాంబరాలు, బావి పక్కన ఎర్ర దాసాని, మీరు మందారం అంటారే, అది. ఆస్పత్రిలో పడుకున్నాక ఆమెకు ఇంటి మీద కన్నా ఆ తోట మీదే బెంగ ఎక్కువైంది. ఆ వార్డులోకి పువ్వులు పట్టుకుపోనిచ్చేవాళ్ళు కాదు. ఎందుకని అడిగే ధైర్యం ఆ రోజుల్లో ఎవరికి ఉంటుంది. అందుకని అక్క ఒక ఉపాయం చేసింది. తోటలో ఏ పువ్వు పూసినా దాని ముందు కూర్చుని రంగులతో బొమ్మ వేసేది. ఆదివారం ఆ బొమ్మల పుస్తకం తీసుకుపోయి, మంచానికి కాస్త దూరంగా నిలబడి, ఒక్కొక్క పేజీ తిప్పి చూపించేది. పెద్దమ్మ పడుకున్నచోటనే తన తోటంతా ఒకసారి తిరిగి వచ్చేది.

ఆ రంగులు మేము అంతకు ముందు చూసినవి కావు. అవి యుద్ధం రోజులు. రాసుకోవడానికి కాగితమే దొరకని కాలంలో, ఆస్పత్రిలో పనిచేసిన ఒక దొరసానమ్మ తన దేశం పోతూ అక్కకు మందపాటి కాగితాల పుస్తకం ఒకటి, చెక్కపెట్టె ఒకటి ఇచ్చిపోయింది. పెట్టెలో దూది మీద పడుకోబెట్టిన రంగురంగుల కడ్డీలు. అక్క వాటిని పాస్టెల్స్ అనేది. నేను రంగు బలపాలు అనేదాన్ని. పలకా బలపం తప్ప మరొకటి ఎరగని దానికి అవి బలపాల్లాగే కనిపించాయి. కాగితం మీద రుద్దితే సుద్దముక్కలాగే పొడి రాలేది. ఆ పొడిని అక్క వేలికొసతో మెల్లగా అద్ది, అటూ ఇటూ సాగదీసి, పూరేకు కింద నీడ తెచ్చేది. బొమ్మ ముగిశాక దాని మీద పలుచని కాగితం ఒకటి పరిచి, అప్పుడు పుస్తకం మూసేది. ఆ కాగితం ఎందుకని నేను ఏనాడూ అడగలేదు. పువ్వుకు పరదా వేస్తున్నావే, ఇది పెళ్ళికూతురా ఏమి అని ఎగతాళి చేశాను. ఎగతాళి చేయబోయే ముందు ఒక్క మాట అడిగి ఉంటే ఈ కథే లేదు.

అన్ని పువ్వులలోకీ పెద్దమ్మ ఎక్కువగా ఎదురుచూసింది డేలియా కోసం. హార్స్లీ కొండ మీద ఒక బంగళా తోటమాలిని అడిగి తెచ్చుకున్న దుంప అది. చూడటానికి గెనుసుగడ్డ, మీరు చిలగడదుంప అంటారే, దాని మాదిరి ఉండేది. గెనుసుగడ్డను ఉడకబెట్టి తినేవాళ్ళను చూశాను గానీ, పూడ్చిపెట్టి దానికి నీళ్ళు పోసి పువ్వు అడిగేవాళ్ళను మీ ఇంట్లోనే చూస్తున్నాను అని పెద్దమ్మను నవ్వించేదాన్ని. దుంప నాటిన ఏడే ఆమెకు దగ్గులో నెత్తురు పడింది. ఆస్పత్రికి పోయేనాటికి మొక్క జానెడు లేదు. ఆ తరువాత ప్రతి ఆదివారం, పుస్తకం తిప్పడం అయ్యాక, డేలియా పూసిందా అని అడిగేదట. ఎవరిదో మేక వచ్చి కొమ్మలన్నీ మేసిపోయింది. మిగిలిన కొమ్మకు ఒకే ఒక మొగ్గ వచ్చింది. క్రిస్మసు దగ్గర పడే రోజుల్లో ఆ మొగ్గ విచ్చుకుంది.

ఆ పొద్దు అక్క చాప వేసుకుని దాని ముందు కూర్చుంది. నేను గోడ దూకి పోయి పక్కన చేరాను. అక్క బొమ్మ వేసినంతసేపూ నేను మాట్లాడుతూనే ఉన్నాను. మా నాన్న బండి ఎక్కిన లావుపాటి సెట్టి ఒకాయన దిగడానికి పడిన తిప్పలు, అప్పుడు మా గుర్రం వెనక్కి తిరిగి ఆయన వైపు చూసిన చూపు, అంతా నటించి చూపించాను. గుర్రం నేనే, సెట్టీ నేనే. అక్క నవ్వుతూనే గీసింది. పువ్వు ఎర్రగా ఉందని మాత్రం నేను చూశాను. అంతకు మించి చూడటానికి నాకు తీరిక ఎక్కడిది.

ఆ ఎరుపు కోసం పెట్టెలోని ఎర్ర బలపం అరిగి అరిగి గోరంత అయింది. అదీ అరిగి చివరికి అక్క వేలి మీద పొడిగా మిగిలింది. ఆ పొడి కూడా పూరేకుల్లోకి పోయింది.

“ఎరుపు అయిపాయ పాపా,” అంది అక్క, ఖాళీ అయిన చోటును చూసుకుంటూ. “పోనీలే. అమ్మ పువ్వుకే పాయ గదా.”

ఇంతలో లోపల పాలు పొంగిన వాసన వచ్చింది. అక్క పుస్తకాన్ని తెరిచినట్టే చాప మీద పెట్టి లేచింది.

“పలుచ కాగితం గూడా తెస్తా. కోళ్ళు తొక్కకుండా సూస్తాండు మే.”

“కోడి గాదు, కోడి నీడ గూడా రానీను. నువ్వు పో అక్కా.”

నిజంగానే ఒక తెల్లపెట్ట వచ్చింది. దాని పాటికి అది జీనియాల కింద గీరుకుంటున్నది, చాప వైపు చూడను కూడా లేదు. కానీ నాకు కాపలా పని ఇచ్చారు గదా, కాపలా కాస్తున్నట్టు ఎవరికైనా కనపడాలి గదా. లేచి పావడా దులిపి, హుష్ అని, చాప చుట్టూ ఒక తిరుగుడు తిరిగాను. ఆ తిరుగుడులో నా మడమ పుస్తకం అంచుకు తగిలింది.

పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకోవాలి. ఇది నాకు ఎవరు నేర్పారో తెలియదు. అన్నం నమలడం ఎవరు నేర్పారో కూడా తెలియదు. పలకకు తగిలినా, దారిలో పడున్న చిత్తుకాగితానికి తగిలినా, ఆలోచించే పని లేకుండా చేతులు వాటంతట అవే పోయేవి. చదువు సరిగ్గా రానివాళ్ళకు చదువు దగ్గర భయం ఇంకొంచెం ఎక్కువ. నేను వంగి, రెండు చేతులా పుస్తకం పైకెత్తి, తెరిచిన పేజీని తెరిచినట్టే ముఖానికి తెచ్చుకుని, ఈ కంటికి అద్దుకున్నాను, ఆ కంటికి అద్దుకున్నాను. తగిలింది మడమ కాబట్టి తప్పు పెద్దది అనిపించి రెండు చెంపలకూ కాస్త గట్టిగానే ఆనించాను. తల్లీ, తప్పయింది అనుకున్నాను.

దించి చూసేసరికి పువ్వు లేదు.

కాడ ఉంది. ఆకులు ఉన్నాయి. కాడ పైన ఎవరో చాచి కొట్టినట్టు ఎర్రటి మరక. పలక అయితే తుడిచి మళ్ళీ రాయొచ్చు. దీన్ని ఏం చేయాలో నాకు తెలియలేదు. మరక మీద వేలు పెట్టబోయి భయపడి తీసేశాను. పుస్తకాన్ని చాప మీద ముందు ఎలా ఉందో అలాగే పెట్టి, దానికీ నాకూ సంబంధం లేనట్టు దూరంగా పోయి కూర్చున్నాను. నా ముఖం మీద ఏముందో నాకు తెలియదు. మన ముఖం మనకు కనపడదు గదా.

అక్క పలుచ కాగితం పట్టుకుని వచ్చింది. పేజీ చూసింది. నిలబడినచోటనే మెల్లగా కూలబడింది.

“అమ్మకు ఏం సూపించేది,” అంది. నాతో కాదు. ఎవరితోనూ కాదు.

ఆ ఒక్క మాటకే నేను నిజం చెప్పి ఉండాలి. కానీ నాకు తెలిసిన మందు ఒక్కటే, నవ్వించడం. అక్క తలెత్తి నా వైపు చూసింది. చూసిన కళ్ళు అలాగే ఉండిపోయాయి. నా కథ కోసం ఎదురు చూస్తున్నది కాబోలు అనుకున్నాను.

“ఏమాయ పాపా?” అంది నెమ్మదిగా.

“తెల్లపెట్టక్కా. నేను హుష్ అంటిని, అది నన్నే హుష్ అనె. ఎగిరొచ్చి పుస్తకం మింద కూసుండి, ఈ రెక్కకింత, ఆ రెక్కకింత పూసుకుని పాయ. ఏ పుంజు కోసమో ముస్తాబు.”

తెల్లపెట్ట సరిగ్గా అప్పుడే మా ఇద్దరి నడుమ నుంచి నడిచిపోయింది. మల్లెపువ్వు మాదిరి తెల్లగా ఉంది. వెతికినా ఎర్రచుక్క లేదు.

“కడుక్కోనుంటాదిలే,” అన్నాను.

“నువ్వు ముట్టుకోలేదా?”

“నేనా? నా కండ్లమీద ఒట్టక్కా.”

“కండ్లమీదనా?”

“ఈ రెండు కండ్లమీద,” అని రెండు వేళ్ళతో చూపించి మరీ చెప్పాను.

అక్క నవ్వలేదు, తిట్టలేదు. పుస్తకం ఒడిలోకి తీసుకుని, ఆ మరక ఉన్న పేజీకి పలుచ కాగితం పరిచి, పక్క పేజీ తిప్పింది. “ఇట్ల వచ్చి కూసో. నీ బొమ్మ వేస్తా,” అంది.

నా బొమ్మ. అంతవరకూ ఆ పుస్తకంలోకి పువ్వులు తప్ప మనుషులు పోలేదు. నేను జడలు ముందుకు వేసుకుని, ముక్కు పైకెత్తి, రాణీగారి మాదిరి కూర్చున్నాను. అక్క నల్ల బలపం తీసి గీయడం మొదలుపెట్టింది. నడుమ నడుమ ముందుకు వంగి, వేలికొసతో నా చెంప మీద మెల్లగా రాసేది. మళ్ళీ పోయి కాగితం మీద వంగేది. ఇంకోసారి కనురెప్ప మీద రాసేది, ఎంత మెల్లగా అంటే పురుగు పాకినట్టు కూడా లేదు. మా అమ్మకు నలుగురు బిడ్డలం. మా ఇంట్లో అలా చెంప నిమిరే తీరిక ఎవరికీ ఉండేది కాదు. తప్పు కోడి మీద వేసినందుకు ఇంత ముద్దా అని మురిసిపోయాను. ఇంకోసారి నిమిరితే బాగుండునని చెంప ముందుకు పెట్టాను కూడా. ఆ ఒక్కటి తలచుకుంటే ఈనాటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

మజ్జిగ అమ్మే అవ్వ గోడ పక్కగా పోతూ నన్ను చూసి ఆగిపోయింది.

“ఏం పాపా, ఏ జాతరకు పోతాండావు?” అంది.

“నువ్వూ రా అవ్వా. పల్లకీ మోసేదానికి మనిషి తక్కువగా ఉండాది.”

అవ్వ తలమీది కుండను రెండు చేతులా పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే పోయింది. నా మాటకే అంత నవ్వు అనుకుని నేను ఇంకొంచెం ముక్కు పైకెత్తాను.

బొమ్మ అయింది. అక్క పుస్తకం నా వైపు తిప్పింది. నేనే. నా ముక్కే, నా జడలే, ఒక జడకు రిబ్బను లేకపోవడం కూడా. కానీ రెండు రెప్పల మీదా ఎరుపు. రెండు చెంపల మీదా ఎరుపు. ఒక చెంప మీద ఆ ఎరుపులో పూరేకుల గీతలు కూడా ఉన్నాయి.

“ఇంత ఎరుపు యాల ఏసినావక్కా? నేను నలుపు గదా,” అన్నాను. అంతటితో ఊరుకోకుండా, “ఎరుపు అయిపాయ అంటివే, ఇది యాడిది?” అని కూడా అడిగాను.

అక్క తన వేలు చాపి చూపించింది. వేలికొస ఎర్రగా ఉంది. నేను ఆ వేలు చూశాను, బొమ్మ చూశాను, అప్పుడు నా చెయ్యి మెల్లగా నా చెంప మీదికి పోయింది. తీసి చూసుకుంటే నా వేళ్ళూ ఎర్రగా ఉన్నాయి.

అప్పటిదాకా జరిగినదంతా వెనక నుంచి ముందుకు ఒక్కొక్కటే వచ్చి నా ముందు నిలబడింది. అవ్వ నవ్వింది ఎందుకో తెలిసింది. అక్క చెంప నిమిరింది ఎందుకో తెలిసింది. ఆ పువ్వు ఎరుపు ఇంకెక్కడా లేదు, నా ముఖం మీద ఉన్నదే ఉంది, దాన్నే అక్క ఒక్కొక్క వేలికొసగా మళ్ళీ పుస్తకంలోకి తీసుకుపోయింది. ఎర్రటి కళ్ళు పెట్టుకుని నేను కళ్ళమీద ఒట్టు వేశాను. కోడి ముస్తాబు గురించి చెప్పిన నోటి చుట్టూ డేలియా పూసుకుని ఉంది. ఏదో ఒకటి అనాలని నోరు తెరిచాను. నోట్లో ఏమీ లేదు.

“కాలు తగిలిందా?” అంది అక్క.

తల ఊపాను.

“కండ్లకద్దుకుంటివా?”

తల ఊపాను.

“అద్దుకునింది తప్పు గాదు పాపా,” అంది. అంతే. మిగతాది చెప్పలేదు. పెట్టె మూసి లోపలికి పోయింది. మిగతాది కూడా చెప్పి, రెండు తగిలించి ఉంటే నాకు ఎంత సుఖంగా ఉండేదో.

ఇంటికి వచ్చి తొట్టి దగ్గర ముఖం కడుక్కున్నాను. నీళ్ళు ఎర్రగా మోరీలోకి పోతున్నాయి. ఒక చెంప కడిగాక తెలిసింది, ఆ పోతున్నది పెద్దమ్మ పువ్వు. ఇక కడగడానికి చేతులు రాలేదు. మా అమ్మ చూసి, “ఎవరన్నా సగం మొగం కడుగుతారా మే?” అంది. నేను బదులు చెప్పలేదని మా అమ్మ భయపడి నుదుటి మీద చెయ్యి పెట్టి, జ్వరమేమోనని చూసింది.

ఆదివారం లోపలే ఆ మేక మళ్ళీ వచ్చి ఆ ఒక్క పువ్వునూ మేసిపోయింది. ఆదివారం అక్క ఆస్పత్రికి బయలుదేరుతూ నన్ను కూడా రమ్మంది. మా నాన్న బండిలోనే పోవాలి. కడుపునొప్పి అన్నాను. “మన గుర్రం పోయే పోకకు కడుపునొప్పి గాదు, నిద్ర గూడా పడతాది, ఎక్కు,” అన్నాడు నాన్న. అక్క బలవంతం చేయలేదు. నేను ఎక్కి కూర్చున్నాక పుస్తకాన్ని నా ఒడిలో పెట్టింది. దారి పొడుగునా వేడి అన్నపు గిన్నె పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చున్నాను. నాన్న రెండు మూడు హాస్యాలు ఆడి, నా నుంచి ఒక్కటీ తిరిగి రాకపోయేసరికి ఆయనా ఊరుకున్నాడు.

పిల్లలను వరండా ఎక్కనివ్వరు. నేను మెట్ల కింద నిలబడ్డాను. పెద్దమ్మ దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. గాజులు మోచేతి దాకా జారే చేతులు. నన్ను చూసి, “ఎవరది, మా గెనుసుగడ్డ పాపేనా?” అంది. అంత జబ్బులో నా పాత హాస్యం గుర్తు పెట్టుకుని ఉంది.

అక్క పేజీలు తిప్పింది. మెట్టతామర, బంతి, బావి దగ్గరి దాసాని. పెద్దమ్మ ఒక్కొక్కదానికీ తల ఊపుతూ, దానికి నీళ్ళు ఎక్కువ పోయొద్దు, దీని కింద మట్టి కదిలించు అని చెప్పింది. తరువాత ఆ మాట అడిగింది.

“డేలియా పూసిందా?”

“పూసిందిమా,” అని అక్క పేజీ తిప్పి, పలుచ కాగితం ఎత్తి పట్టుకుంది. పెద్దమ్మ ఆ మరకను చూసింది. అక్క నా వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. నేను చెప్పడానికి చోటు ఇస్తున్నట్టు ఉంది.

కోడి కథ నా నాలుక మీదే ఉంది. మొదటి రోజు చెప్పిన దానికన్నా బాగా తయారై ఉంది. చెబితే పెద్దమ్మ నవ్వుతుంది. జబ్బుమనిషిని నవ్వించడం మంచిదే గదా అని కూడా అనిపించింది. నోరు తెరవబోతుంటే నా చెయ్యి చెంప మీదికి పోయింది. అక్కడ రంగు లేదు, ఎప్పుడో పోయింది. అయినా చెయ్యి అక్కడే ఉండిపోయింది.

“నేనే పెద్దమ్మా,” అన్నాను. కాలు తగలడం, కళ్ళకద్దుకోవడం, కోడి మీద వేయడం, ఒట్టు వేయడం, అన్నీ చెప్పాను. నవ్వు పుట్టేటట్టు చెప్పకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డానో. మెట్టు మీద పాకుతున్న చీమలను చూస్తూ చెప్పాను.

అక్క పక్క పేజీ తిప్పి నా బొమ్మ చూపించింది. పెద్దమ్మ నవ్వింది. నవ్వు దగ్గులోకి తిరిగింది. ఆ దగ్గు ఎంతకూ ఆగలేదు. నర్సమ్మ పరిగెత్తి వచ్చి వీపు పట్టుకుంది. నవ్వు ఒకరిని అంత బాధ పెట్టగలదని అంతవరకూ నాకు తెలియదు. దగ్గు తగ్గాక పెద్దమ్మ చెయ్యి ఊపింది.

“ఆడనే నిలబడు. ఇట్ల తిరుగు, మొగం సూడనీ,” అంది. పాదులోకి చూసినట్టు నా ముఖంలోకి చూసింది. “పోనీలే బిడ్డా. నువ్వు పువ్వును సూస్తివి గదా. నడిమధ్యన విచ్చుకునిందా, ముడుచుకోనే ఉండాదా? కొండ మింద ముడుచుకోనే ఉండె. మన నీళ్ళకు ఎట్ల పూస్తాదో అని నాకు శానా ఆశ.”

నాకు తెలియదు. ఆ పువ్వు ముందు పొద్దంతా కూర్చున్నాను, దాన్ని ముఖానికి పూసుకున్నాను, కానీ దాని నడుమ ఎలా ఉందో చూడలేదు. విచ్చుకుంది అన్నా ఆమె నమ్ముతుంది, ముడుచుకుంది అన్నా నమ్ముతుంది. రెండింటిలో ఏదైనా ఎంత అందంగా చెప్పగలనో నాకు తెలుసు.

“నేను సరిగ్గా సూడలేదు పెద్దమ్మా. మాట్లాడతా ఉంటి,” అన్నాను.

అక్క ఏదో చెప్పబోయింది. పెద్దమ్మ వేలెత్తి ఆపింది. “నువ్వు చెప్పొద్దు. ఈ పాప చెప్పాల. వచ్చే ఏడు పూస్తాది గదా, బాగా సూసి వచ్చి చెప్పు. నిన్నే అడుగుతా.”

వచ్చే ఏడు దాకా ఆమె లేదు. వానలు పడకముందే పోయింది. అక్కకు కుప్పంలో టీచరు ఉద్యోగం వచ్చింది. పోయే ముందు ఆ దుంప తవ్వి, మట్టితో సహా గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టింది. బొమ్మల పుస్తకం తనతో కుప్పం పోయింది. ఆ చలికాలం మా ఇంటి ముందర డేలియా పూసింది. నేను దాని ముందు చాప వేసుకుని, పొద్దున్నుంచీ నోరు మూసుకుని కూర్చున్నాను. మొదట పసిబిడ్డ పిడికిలి మాదిరి నడుమంతా ముడుచుకుని ఉంది. పోను పోను విచ్చుకుంటుందేమోనని రోజూ చూశాను. బయటి రేకులు వాడి వెనక్కి వాలినా నడుమ మాత్రం విడలేదు. లోపలికి పోయేకొద్దీ ఎరుపు నల్లబడింది. ముడుచుకునే పూస్తుంది పెద్దమ్మా, మన నీళ్ళకు కూడా. చెప్పాల్సిన మాట చేతికి వచ్చింది, వినాల్సిన మనిషి లేదు. సెలవులకు అక్క మదనపల్లె వచ్చినప్పుడు ఆమెకే చెప్పాను. అక్కకు అది ఎప్పుడో తెలుసు. తెలియనట్టే, మొదటిసారి వింటున్నట్టే విన్నది.

తరువాత నాకు పుంగనూరులో పెళ్ళయింది. ఆ దుంప పిల్లలు నాతో వచ్చాయి. ఇప్పటికీ ఏడాదికి ఒకసారి మా వాకిట్లో పూస్తాయి. పూసిన రోజు నేను ఎవరితోనూ మాట్లాడను. ఇంట్లోవాళ్ళు దాన్ని పండగలాగా చూస్తారు. మిగతా రోజుల్లో నా నోరు మామూలే, ఈ వయసులో మారదు. కానీ ఏదైనా అబద్ధం తయారై బయటికి వస్తుంటే మాత్రం నా చెయ్యి దానంతట అదే చెంప మీదికి పోతుంది, రంగు అంటుకుని ఉందేమో చూడటానికి. అది చూసి మా చిన్న మనవడు, ఏమవ్వా, పంటినొప్పా అని అడుగుతాడు. అవును నాయనా, పంటినొప్పే అంటాను. అదీ అబద్ధమే గదా, చెయ్యి ఇంకాసేపు అక్కడే ఉంటుంది.